నమోదైన నంబరుకు కోడ్ పంపాం

2 నవంబరు, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నది భాషాభిమానంతో కాదు. సైబర్‌జయ యూనివర్సిటీ హాస్టల్‌లో నా గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకమ్మాయి మలాయ్, ఒకమ్మాయి చైనీస్. ఇద్దరూ మా అమ్మాయి మోహనప్రియ కంటే చిన్నవాళ్ళు. ఇంటి దగ్గర ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. మోహనప్రియకు మాట్లాడడం కూడా సగమే, అందులోనూ మాట చివర మలాయ్ వాళ్ళ "లా" ఒకటి. చిన్నప్పుడు బాగన్ దాతుక్‌లో తెలుగు సంఘం వాళ్ళ ఆదివారం బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి. ఇక్కడ నేనేం రాసినా చదివే నాథుడు లేడు.

బయలుదేరే ముందు ఆయన అన్న మాటలు రాయకూడదనుకున్నాను. రాస్తాను. "ఏబై మూడేళ్ళకి నీకు సదువేటి? పిల్లల ముక్కులు తుడవడానికి డిప్లొమా కావాలేటి?" అన్నారు, మోటార్ సైకిల్ చైనుకు నూనె పెడుతూ, నా మొహం చూడకుండా. మూడు వారాలు నాకు కూడెవరు పెడతారు అని అడిగి ఉంటే జాలిపడి ఉండేదాన్ని. అదడగలేదు. "ఎల్తే ఎల్లు. నాకు ఫోను సెయ్యకు" అన్నారు. "సెయ్యను. మీరూ సెయ్యొద్దు" అన్నాను. ఆ తర్వాత సుంగై సిపుట్ స్టేషన్ దాకా బండి మీద దిగబెట్టారు.

ముక్కులు తుడవడానికే డిప్లొమా కావాలి. జనవరి నుంచి అది లేనివాళ్ళు మా తాడికాలో, అదే మా చిన్నపిల్లల బడిలో, టీచర్లు కారట, ఆయాలట. ఇన్నేళ్ళుగా నాదైన ఐదేళ్ళ పిల్లల క్లాసు డిప్లొమా ఉన్న నంతిని చేతికి పోతుంది. నంతినికి పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది నేను. ఆ పిల్ల "టీచర్, ఆ నీళ్ళ సీసాలు కొంచెం కడిగిపెడతారా" అని మర్యాదగా అడుగుతుంది. మర్యాద నేర్పింది కూడా నేనే.

ఈ మూడు వారాల క్లాసుల చివర, ఇరవై ఒకటి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా నా ఫైలు మొత్తం యూనివర్సిటీ పోర్టల్‌లో పెట్టాలి. పెడితే డిప్లొమా. అంతే కదా. ఏడాదంతా ఇంటి దగ్గరి నుంచే రాసినవి ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చాను, మిగిలింది కూర్చి పంపడమే.


3 నవంబరు, సోమవారం

కంప్యూటర్ ల్యాబ్ చాలా బాగుంది. చలి. పోర్టల్ తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది.

ఇంటి దగ్గర ఆయన బళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో ఉన్న కంప్యూటర్ నన్నెప్పుడూ పాస్‌వర్డ్ అడగలేదు. నన్ను చూడగానే తలుపు తీసేది. జనవరిలో నన్ను చేర్పించింది మోహనప్రియ, తను ఉద్యోగం చేసే పినాంగ్ నుంచే. నేను తాడికా నుంచి వచ్చేసరికి ఫోన్ చేసి "అంతా అయిపోయిందమ్మా, ఇంక నువ్వు నొక్కడమే" అంది. పినాంగ్‌లో చేసిన పని మా వర్క్‌షాపు కంప్యూటర్‌కు ఎలా తెలిసిందో నేనడగలేదు. కంప్యూటర్లకు తెలుస్తుంటాయి.

"పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అని కింద ఒక మాట ఉంది. మర్చిపోలేదు, నాకెప్పుడూ తెలియదు. దానికి వేరే మీట లేదు కాబట్టి దాన్నే నొక్కాను. "మీ నమోదైన నంబరుకు ఆరంకెల కోడ్ పంపాం" అని వచ్చింది. నా ఫోన్‌కు ఏమీ రాలేదు. మోహనప్రియ తన నంబరే ఇచ్చి ఉంటుంది. ఆ నంబరు మార్చేసి చాలా నెలలైంది. ఇప్పుడది ఎవరి చేతిలో ఉందో. ఎవరో పాపం, ఊరూ పేరూ తెలియని కోడ్ చూసుకొని బుర్ర గోక్కుంటూ ఉంటాడు.

ఇంటి కంప్యూటర్ తెరిచి చూడమని ఆయనకు ఒక్క మాట చెబితే సరిపోతుంది. చెప్పను.

ఆయన ఫోన్ చేయలేదు. నేను ఎదురు చూడలేదు. ఫోను బల్ల మీద ఉంటే కళ్ళు అటు పోయాయి.


4 నవంబరు, మంగళవారం

ఇవాళ సాయం కోసం తిరిగాను. సాయానికి ఇక్కడ కొదవ లేదు. లైబ్రరీ గోడ మీద నా ఎత్తు పోస్టరు: "కంప్యూటర్‌తో ఇబ్బందా? దిగులు పడకండి!" దిగులు మానేసి దగ్గరకు వెళ్ళి చదివాను. వివరాలన్నీ పోర్టల్‌లో ఉన్నాయట.

లైబ్రరీలో ఉన్నావిడ నవ్వుతూ రెండో అంతస్తులో హెల్ప్ డెస్క్ ఉందని చెప్పింది. అక్కడ తలుపు వేసి ఉంది. నేరుగా రాకూడదు, ముందు టికెట్ వేయాలి అని కాగితం అంటించారు. టికెట్ ఎక్కడ వేయాలి? పోర్టల్‌లో. మళ్ళీ కిందికొచ్చి ఆవిడకు చెబితే, నాలాంటివాళ్ళ కోసమే "ఆన్‌లైన్‌లో సహాయం పొందడం ఎలా" అని గంట సేపు శిక్షణ ఉందనీ, సీట్లు చాలా మిగిలిపోయాయనీ చెప్పింది. పేరు ఎక్కడ ఇవ్వాలో నేను అడగలేదు. ఆవిడ చెప్పింది.

మా తాడికాలో ఒక పిల్లవాడు టాయిలెట్‌కు వెళ్ళాలని వచ్చి అడిగితే, ముందు టాయిలెట్‌లోకి వెళ్ళి చీటీ తెచ్చుకో అని నేనెప్పుడూ అనలేదు. అంటే ఏమయ్యేదో నాకు తెలుసు, తుడిచేది నేనే కాబట్టి.

ల్యాబ్‌కు వెళ్ళి మళ్ళీ నొక్కాను. కోడ్ పంపారు.


5 నవంబరు, బుధవారం

నొక్కాను. పంపారు.


7 నవంబరు, శుక్రవారం

యూనివర్సిటీ పేజీ మూలన ఒక చిన్న బొమ్మ ఉంది. పేరు కవాన్. స్నేహితుడని అర్థం. ఏమడిగినా చెబుతాడట. నేను లోపలికి వెళ్ళలేకపోతున్నానని మలాయ్‌లో రాశాను. చాలా విచారిస్తున్నానన్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోయారా అని నొక్కమన్నాడు. కోడ్ వేరే నంబరుకు పోతోందని రాశాను. నంబరు మార్చుకోవడం చాలా సులువు, లోపలికి వెళ్ళి మార్చుకోండి అన్నాడు. చివర్లో "నా జవాబు ఉపయోగపడిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు!" అని చప్పట్లు కొట్టే చేతులు చూపించాడు. ఇంత మంచి పిల్లవాణ్ణి నేను ఏ క్లాసులోనూ చూడలేదు.

ఆయనకు అన్నం వండుకోవడం రాదు. మెగ్గీ నూడుల్స్ తింటూ ఉంటారు. తిననీ.


10 నవంబరు, సోమవారం

ఇవాళ పాఠం ఏమిటంటే, పిల్లలు నేర్చుకునేటప్పుడు సాయపడే చేయి పక్కనే ఉండాలి, అడిగిన వెంటనే అందాలి. లెక్చరర్ చాలా బాగా చెప్పింది. నోట్సు ఇస్తారా అని అడిగితే పోర్టల్‌లో ఉన్నాయంది.

క్లాసులో అందరికీ పోర్టల్ తెలుసు. ఒక్కరిని అడిగితే చూపిస్తారు. కానీ మొదటి రోజు పరిచయాల్లో నేనే లేచి, పిల్లల్ని పెంచడంలో నాకెంత అనుభవముందో అందరికీ వివరంగా చెప్పాను. ఇప్పుడు పాస్‌వర్డ్ తెలియదని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

ల్యాబ్‌లో కోపం ఆగక వరసగా ఎనిమిదిసార్లు నొక్కాను. ఎనిమిదిసార్లూ పంపారు. ఆ నంబరు మనిషికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.


11 నవంబరు, మంగళవారం

మోహనప్రియకు ఇక్కడి సరస్సు ఫోటో పంపాను. "అంతా బాగుంది. చదువు సులువుగానే ఉంది" అని పెట్టాను. "నాన్నతో మాట్లాడినావా?" అని అడిగింది. ఎందుకు, ఆయనకేమైనా అయిందా అన్నాను. ఏమీ కాలేదట. అయితే మాట్లాడడానికేముంది.

సాయంత్రం ఎప్పటిలాగే నొక్కాను. పంపారు.


13 నవంబరు, గురువారం

ఇవాళ వెళ్ళలేదు. క్లాసుకూ వెళ్ళలేదు, ల్యాబ్‌కూ వెళ్ళలేదు. పొద్దుటి నుంచి వాన. క్యాంటీన్‌లో కూర్చొని రోటీ చనాయ్ తుంపి తుంపి పక్కన పెట్టాను. చుట్టూ పిల్లలు ఒక చేత్తో తింటూ ఒక చేత్తో పోర్టల్ చూసుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు, అందరూ కిందికే చూస్తుంటారు ఇక్కడ.

ఆయన అన్నది నిజమేనేమో. ఈ వయసులో నాకేమిటి. ఇంటికి పోయి సీసాలు కడుక్కుంటే పోయేదానికి ఇంత దూరం వచ్చాను.

సాయంత్రం ఏడింటికి ఫోన్. ఆయనే.

"తిన్నావేటి?"

"తిన్నాను."

"ఒంట్లో బాగుందేటి?"

"బాగుంది."

"క్లాసు?"

"బ్రహ్మాండంగా ఉంది."

కాసేపు వర్క్‌షాపు చప్పుళ్ళు వినిపించాయి. "సరేలే" అని పెట్టేశారు.

ముందు ఫోన్ చేసింది ఆయన. నేను గెలిచాను. గెలిచాక రెండు చపాతీలు తినగలిగాను.


14 నవంబరు, శుక్రవారం

ల్యాబ్. నొక్కాను. ఆయన ఇవాళ ఫోన్ చేయలేదు. ఒక్కసారితో ఆపేశారు. పంతం మనిషి.


17 నవంబరు, సోమవారం

రెండో అంతస్తు తలుపు ముందు నిలబడి, ఎవరో కాఫీ కోసం బయటికి వస్తుంటే లోపలికి దూరాను. లోపల పెద్ద అద్దం, అద్దం వెనక ఒక అబ్బాయి. మెడలో బిళ్ళ మీద తివాకర్ అని ఉంది.

"టికెట్ నంబరు చెప్పండి ఆంటీ" అన్నాడు తమిళంలో.

నేనూ తమిళంలోనే అందుకున్నాను. "తంబీ, లోపలికి వెళ్ళాలంటే టికెట్ కావాలి, టికెట్ కావాలంటే లోపలికి వెళ్ళాలి. నా దగ్గర ఐదేళ్ళ పిల్లలున్నారు. వాళ్ళకు ఈ నియమం చెబితే నా మీద ఇంటికెళ్ళి ఫిర్యాదు చేస్తారు."

అతను నవ్వాపుకొని కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. నంబరు మార్చాలంటే కాగితాలు పైకి వెళ్ళి రావాలి, వారం దాటుతుంది. అయితే ఒక దారి ఉంది. చేరినప్పుడు ఒక రహస్య ప్రశ్న పెట్టుకుంటారు. దానికి జవాబు చెబితే అక్కడికక్కడే కొత్త పాస్‌వర్డ్. మూడుసార్లు తప్పు చెబితే ఖాతాకు తాళం పడుతుంది. ఆ తాళం తీయడానికీ వారం పైనే. నాకున్నది ఈ శుక్రవారం దాకా.

జవాబు నోటితో చెప్పాలట, రికార్డ్ అవ్వాలట. అద్దానికి ఇవతల గోడకు ఫోనుంది, అది తీసి తొమ్మిది నొక్కమన్నాడు. నొక్కితే అద్దానికి అవతల అతని బల్ల మీది ఫోను మోగింది. చేయి చాపితే అందేంత దూరంలో కూర్చొని, నా మొహంలోకి చూస్తూ, "హెల్ప్ డెస్క్‌కు స్వాగతం. మీ పేరు చెప్పండి" అన్నాడు.

"రత్నావతి."

"మీ రహస్య ప్రశ్న. మీ జీవిత భాగస్వామి పేరు?"

ఆ పేరు నోటితో పలకడమా!

క్యాంటీన్ బిల్లు వెనక ఆయన పేరు రాసి అద్దానికి ఆనించాను. తివాకర్ ఫోన్‌లోనే తల అడ్డంగా ఊపాడు. "రాసింది రికార్డ్ కాదు ఆంటీ. చెప్పాలి." వెనక క్యూ పెరిగింది. చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. మా అత్త దేవుడమ్మ ఎదురుగా వచ్చి నిలబడినట్టే ఉంది.

"మర్చిపోయాను" అన్నాను.

వెనకున్న పిల్ల నా మెడలో తాళి వంక చూసింది.


18 నవంబరు, మంగళవారం

మొగుడి పేరు మర్చిపోయానన్న మాట రికార్డ్ అయింది. చిరకాలం యూనివర్సిటీ దగ్గర భద్రంగా ఉంటుంది.

మా అమ్మ ఎన్నడూ మా నాన్న పేరు పలకలేదు. మా అత్తను ఎస్టేటు ఆస్పత్రిలో మొగుడి పేరేమిటని కట్లు కట్టే డ్రెస్సర్ అడిగితే "మునీశ్వరుడి గుళ్ళో ఉన్నాయన పేరే, రాసుకో" అనేదట. పలికితే ఆయుష్షు తగ్గుతుంది. నేను నమ్మను. నమ్మకుండానే ముప్పై ఏళ్ళుగా పలకలేదు. ఆయన్ని అన్నానికి పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొడతాను. వర్క్‌షాపులో ఇంజను మోగుతుంటే అదీ వినపడదు, అన్నం చల్లారిపోతుంది. ఆయన మాత్రం? నేను ఆయనకు ఎప్పుడూ "ఓలే"నే. మోహనప్రియ పుట్టినప్పుడు ఆస్పత్రిలో నా పేరు అడిగితే కూడా మా అత్త వైపు తిరిగారు.

ఆయన మీద కోపం ఉంది. కోపంలోనైనా ఆ పేరు నోటికి రావాలి. ఆయుష్షు తగ్గించేంత కోపం లేదు, అదొక్కటే ఇబ్బంది.

ల్యాబ్‌లో నొక్కాను. అలవాటైపోయింది.


19 నవంబరు, బుధవారం

బాత్రూంలో కుళాయి పూర్తిగా తిప్పి సాధన చేశాను. మొదటి అక్షరం వచ్చింది. రెండోది దగ్గుగా మారింది. బయట నుంచి చైనీస్ అమ్మాయి తలుపు కొట్టి "ఆంటీ, ఓకే ఆ?" అంది. ఓకే అన్నాను.

తర్వాత వెళ్ళి నొక్కి వచ్చాను.


20 నవంబరు, గురువారం

ముందు చేతి మీద ఉమ్మినట్టు చేసి చెంపలు వేసుకున్నాను. తర్వాత రెండో అంతస్తుకు వెళ్ళాను. తివాకర్ నన్ను చూడగానే గోడ ఫోను వైపు చూపించి, తన ఫోను మీద చేయి పెట్టుకొని సిద్ధంగా కూర్చున్నాడు. "మా అవ్వ కూడా తాత పేరు చెప్పేది కాదు ఆంటీ. నేను అటు చూస్తూ ఉంటాను" అన్నాడు. అటు తిరిగాడు. ఆ మర్యాదకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కళ్ళు మూసుకొని చెప్పేశాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను, పలికిందే ఎక్కువ. అతను తిరిగి అడిగాడు కాబట్టి అతని మాటగా రాస్తున్నాను. "వీరాస్వామి. అంతేనా ఆంటీ?" గదంతా వినపడేలా అడిగాడు. అంతే అన్నాను. సుంగై సిపుట్‌లో ఆయనకు ఏమీ కాకుండా ఉంటే చాలు అనుకుంటున్నాను.

"తప్పు అంటోంది ఆంటీ."

నాకు వినపడలేదనుకొని మళ్ళీ చెప్పాడు. ముప్పై ఏళ్ళు దాచుకొన్న మాటను పదిమంది ముందు బయట పెడితే, కంప్యూటర్ తప్పంటోంది. తాళి కట్టించుకున్నదాన్ని నేను, తప్పని చెప్పేది అది!

గుర్తింపు కార్డులో, అదే ఐసీలో, ఉన్నట్టు పూర్తి పేరు చెప్పి చూడమన్నాడు. పూర్తి పేరంటే ఫలానావారి కొడుకు ఫలానా అని చెప్పాలి. మామగారి పేరు కూడా. ఇంకెలాగూ చెడ్డాను కదా అని అది కూడా చెప్పాను. "వీరాస్వామి అనక్ లెలాకి మునుసామి" అని తివాకర్ ఒక్కో అక్షరం కొట్టాడు.

అదీ తప్పే.

"ఇంకొక్కసారే ఉంది ఆంటీ. వద్దు, ఇప్పుడు చెప్పకండి. అసలీ ఖాతా తెరిచింది ఎవరు? వాళ్ళను అడగండి."

వరండాలోకి వచ్చి మోహనప్రియకు ఫోన్ చేశాను. గొప్పలన్నీ పక్కన పెట్టి మొత్తం చెప్పాను.

"ప్రియా, ఆ ఫారం నువ్వే కదా నింపినావు?"

"నాన్న సెప్పొద్దన్నారమ్మా."

"ఏటి సెప్పొద్దన్నారు?"

"నాను ఫోన్లో సెప్పినాను, అంతే. టైపు సేసింది నాన్నే లా. వర్క్‌షాపు షట్టర్ దించేసి కూసున్నారు. ఒక్కో లెటర్ ఎతికి ఎతికి, అయ్యో అమ్మా, నాకు ఆఫీసులో టెన్షన్. స్పౌజ్ నేమ్ అంటే ఏటి అని అడిగినారు. వైఫ్ పేరు లా నాన్నా, అన్నాను."

మా మామగారు పోయిన రోజు తప్ప ఆ షట్టర్ పగటి పూట దిగింది లేదు.

"మరి నాకెందుకు సెప్పొద్దన్నారు?"

"నువ్వు ఫెయిల్ అయితే, ఆయనే సేర్పించినారని తిడతావంట."

ఫోన్ పెట్టేశాను. లోపలికి వచ్చి, గోడ ఫోను తీసి, తొమ్మిది నొక్కాను. తివాకర్ ఎత్తాడు. నా పేరు అడిగాడు, రత్నావతి అన్నాను. జీవిత భాగస్వామి పేరు అడిగాడు. రత్నావతి అన్నాను. అతను అద్దంలోంచి నా వైపు అనుమానంగా చూశాడు. "కొట్టు తంబీ" అన్నాను.

తెరుచుకుంది.

ఆయన నోట నేనెప్పుడూ వినని పేరును, ఆయన షట్టర్ వేసుకొని, గ్రీజు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కొని కొట్టారు. ఆ కంప్యూటర్‌కు పది నెలలుగా ఈ సంగతి తెలుసు. నాకు తెలియదు. అక్కడే నిలబడి ఏడ్చాను, ఈసారి అందరూ చూశారు.

తివాకర్ కొత్త పాస్‌వర్డ్ ఇచ్చాక తెర నా వైపు తిప్పాడు. "కోడ్లు పోతున్న నంబరు ఇదీ. మీది పెట్టేయనా?" అని అడిగాడు. చూశాను. మోహనప్రియ పాత నంబరు కాదు. మా వర్క్‌షాపు బోర్డు మీద ఎర్ర రంగులో రాసి ఉండే నంబరు. ఇన్నాళ్ళూ నేను నొక్కిన ప్రతి నొక్కూ ఆయన జేబులో మోగింది.

"వద్దు తంబీ. అదే ఉండనీ" అన్నాను.


21 నవంబరు, శుక్రవారం

మధ్యాహ్నానికే పెట్టేశాను. అందిందని రాసి వచ్చింది. కవాన్ మూలన నిలబడి ఇంకేమైనా సాయం కావాలా అని అడిగాడు.


22 నవంబరు, శనివారం. సుంగై సిపుట్

స్టేషన్‌కు వచ్చారు. బాగానే ఉన్నారు. రెండుసార్లు పరీక్షగా చూశాను, ఆయుష్షు తగ్గిన గుర్తులేవీ లేవు. కొంచెం చిక్కారు, అది మెగ్గీ వల్ల.

నేను వండి పెట్టాను. సగం తిన్నాక తల ఎత్తకుండా మాట్లాడారు.

"ఓలే, ఆ యూనివర్సిటీ మంచిదే."

"మీకెలగ తెలుసు?"

"నువ్వు క్లాసుకి ఎల్లిన దినమల్లా నాకు నంబరు పంపినారు. ఎస్టేటు తోటలో పొద్దున్నే పెరట్టుకి, హాజరుకి నిలబడితే పేరేసుకునీవారు కాదేటి, అలగ. శనోరం ఆదోరం రావు. బళ్ళు లేవు కదా." చేపముల్లు తీసి పక్కన పెట్టారు. "ఒక దినం ఎనిమిదొచ్చినాయి. ఎనిమిది క్లాసులేటి, ఈ వయసు మనిసిని సంపేస్తన్నారు అనుకున్నాను."

నేను మజ్జిగ కలిపాను.

"ఆ బేస్తారం రాలేదు. సీకటి పడిందాకా సూసినాను. జొరమేమో అనుకొని ఫోను సేసినాను."

నా గెలుపు సంగతి అదన్నమాట.

"ఆ నంబర్లు ఎవరికీ సెప్పలేదు కదా?" అని అడిగాను.

"సెప్తానేటి? టీవీలో రోజూ సెప్తన్నారు, ఇలగ ఫోనుకొచ్చే టాక్ నంబరు ఎవరికీ ఇవ్వొద్దని. నువ్వు అడిగినా ఇచ్చీవాడిని కాను."

మూడు వారాల పాటు నా తాళంచెవి ఈయన చొక్కా జేబులో ఉంది. అడిగినా ఇచ్చేవారు కాదట. అన్నీ అలాగే ఉంచారు, ఒక్కటీ చెరపలేదు. ఫోను తీసి వరసగా చూపించారు. అవి హాజరు వేసుకున్నవి కావని నేను చెప్పలేదు. ఫారం సంగతీ ఎత్తలేదు. ఆయన పేరు అక్కడెవరెవరు విన్నారో కూడా చెప్పలేదు. ఇంకొంచెం చేప వేశాను.


15 డిసెంబరు, సోమవారం

పాసయ్యాను. ఐదేళ్ళ పిల్లలు నాకే. నంతినికి నాలుగేళ్ళ పిల్లల్ని ఇచ్చారు. వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. దీవించాను, కష్టపడి.

సాయంత్రం టీ పెట్టి గరిటెతో గిన్నె మీద కొట్టాను. వర్క్‌షాపులో ఏదో బండి గర్జిస్తోంది, వినపడలేదు. మళ్ళీ కొట్టాను. టీ మీద మీగడ కట్టింది. ఫోను తీసి పోర్టల్ తెరిచాను. పాస్‌వర్డ్ మర్చిపోయారా అని అడిగింది. నొక్కాను.

నిమిషంలో బండి ఆగింది. ఆయన చేతులు తుడుచుకుంటూ, ఫోను పైకెత్తి చూపిస్తూ వంటింట్లోకి వచ్చారు.

"ఓలే, ఇంకా క్లాసులున్నాయేటి?"

"ఉన్నాయి. టీ సల్లారిపోతంది, కూసోండి" అన్నాను.